చుక్కలు పెట్టాల్సిన చోట

ముందే చెప్తున్నాను, నేను కృష్ణమ్మక్క పక్షం. ఛత్రినాకలో వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. అక్కడ గిన్నె కింద పడినా నాకు తెలుస్తుంది.

ఆమె భర్త ఆగయ్య బావ కంచన్‌బాగ్‌లో లోహాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. రిటైరైన మగవాళ్ళు కొందరు పేకాటకు పోతారు, కొందరు కోడళ్ళకు వంకలు పెడుతూ కూర్చుంటారు. ఈయనకు పాత పుస్తకాల పిచ్చి పట్టింది. అందరూ మర్చిపోయిన తెలుగు పుస్తకాలు వెతికి తెచ్చి, మళ్ళీ అచ్చు వేయించి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ పంచుతాడు. అక్క ఎన్నడూ ఏమీ అనలేదు. అంతదాకా ఆ పుస్తకాలు రాసినవాళ్ళంతా మీసాల పెద్దమనుషులే మరి.

లొల్లి బుచ్చమ్మతో మొదలైంది.

బుచ్చమ్మ ఎప్పుడో పోయింది. హుస్సేనీ ఆలంలో కాపురముండి, ఒకే ఒక్క కథల పుస్తకం రాసిన టీచరమ్మ. ఆ పుస్తకం అక్కడి పాత సామాన్ల వ్యాపారి అజ్మత్ అలీకి దొరికింది. "ఆగయ్య భాయ్, మీ తెలుగు కితాబ్ ఒకటొచ్చింది, జల్దీ రా" అని ఆయన ఫోన్ చేస్తే బావ అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అక్క అప్పుడే వడ్డించిన అన్నం. ఆమె దాన్ని ఇప్పటికీ మర్చిపోలేదు.

పుస్తకంలో బుచ్చమ్మ ఫోటో ఉంది. చక్కనిదే, అబద్ధమెందుకు? బావ దాన్ని పెద్దది చేయించి బీరువా మీద పెట్టాడు. అక్కడున్న పెళ్ళి ఫోటో గోడవైపు జరిగింది. లేస్తే బుచ్చమ్మ, కూర్చుంటే బుచ్చమ్మ.

"చచ్చిపోయినామె మీద కుళ్ళేందక్కా?" అన్నాను ఒకసారి.

"బతికుంటే జుట్టన్న పట్టుకుందును పిల్లా. గిప్పుడు దీన్నేం జెయ్యాలె?" అంది.

అంతకంటే ఘోరం ఇంకోటుంది. బావ కళ్ళకు శుక్లాలు, పాత అచ్చు కనబడదు. ముట్టుకుంటే చిరిగే పుస్తకాన్ని డీటీపీ షాపుకు పంపడు. అందుకని రోజూ అక్క పైకి చదవాలి, ఆయన తెల్లకాగితాల మీద లావు అక్షరాలతో రాసుకోవాలి. కామా దగ్గర కామా అనాలి, ఫుల్‌స్టాప్ దగ్గర ఫుల్‌స్టాప్ అనాలి. పురుగు తిన్న చోట "చుక్కలు" అనాలి, ఆయన అక్కడ చుక్కలు పెడతాడు. సొంతంగా ఒక్క అక్షరం కలపొద్దని ఆయన పట్టు. సవతి మాటలు తన నోటితోనే మొగుడికి వినిపించాలి, ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే చూడాలి. ఎవరికి ఒళ్ళు మండదు? గోడ ఇవతలున్న నాకే మండింది.

ఒక మధ్యాహ్నం ఒక కథలో మొగుడు ఇంటికొచ్చాడు, పెళ్ళాం అన్నం పెడుతోంది. సరిగ్గా అక్కడ పురుగు పేజీని తినేసింది. అక్క "చుక్కలు" అనలేదు. పుస్తకంలోంచి తలెత్తకుండా, చదువుతున్నట్టే చెప్పింది: "నా వైపు చూడని మనిషికి కూడా ఈ చెయ్యి వేడి అన్నమే పెడుతుంది, కామా, చేతికి రోషం లేదు, ఫుల్‌స్టాప్."

బావ కలం ఆగింది. మళ్ళీ చెప్పించుకుని రాసుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "అబ్బ! బుచ్చమ్మ గాక గిసొంటి మాట ఇంకెవలు రాస్తరు?" అన్నాడు.

అప్పుడే చెప్పేయాల్సింది. కానీ ఆయన ఏడ్చింది తన మాటకు. ఆ సంబరంలో అక్క నోరు మూసుకుంది, సాయంత్రం నాకు గోడ మీదుగా చెప్పి నవ్వింది కూడా.

పుస్తకం అచ్చయి వచ్చింది. వెనక అట్ట మీద ఆ వాక్యమే ఉంది, కింద బుచ్చమ్మ పేరు. చిన్న సభ పెట్టారు. స్రవ్య అని కాలేజీలో తెలుగు చెప్పే అమ్మాయి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. అందరూ బావ ఇంటి నుంచి తెచ్చి వేదిక మీద పెట్టిన బుచ్చమ్మ ఫోటో వైపు చూసి చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చున్న అక్క పళ్ళు నూరింది.

"మొగణ్ణి గుంజుకున్నది సాలదా? నా మాట గూడ గుంజుకున్నది."

నేను వాళ్ళతోనే ఇంటికి వెళ్ళాను. చెప్పులు విప్పకముందే అక్క అనేసింది, "గా మాట నాది" అని.

బావ నవ్వాడు. "నీదా? గంత మాట నీకెట్లొస్తదే?"

అక్క పాత పుస్తకం తెచ్చి, ఆ పేజీ తీసి, ఆయన వేలు పట్టి రంధ్రంలోకి దూర్చింది. వేలు అవతలికొచ్చింది. బావ నవ్వు ఆగిపోయింది. చాలాసేపు ఆ వేలినే చూసుకున్నాడు. ఇప్పుడన్నా ఆమె వైపు తిరుగుతాడనుకున్నాను. అక్క కూడా అనుకున్నట్టుంది, కొంగు సర్దుకుంది.

"మరి ఆడ బుచ్చమ్మ ఏం రాసిందో?" అన్నాడు బావ.

"పురుగునడుగు" అని అక్క వంటింట్లోకి పోయింది. పొయ్యి వెలిగించలేదు. పొద్దున మిగిలిన అన్నం చల్లగానే తెచ్చి ఆయన ముందు పెట్టింది.