వాన పడే రోజునే వెళ్ళాలి

మా పక్కింటి ఆంటీ పోయారు. జూన్‌లో ఒక మంగళవారం పొద్దున మా వాడి లంచ్ బాక్సులో పెరుగన్నం సర్దుతుంటే ఫోన్ మోగింది. ఆవిడ కూతురు, దూరంగా లోవర్ హట్ అనే ఊళ్ళో ఉంటుంది. తల్లిలాగే తనూ నర్సే. "మమ్మీ పోయింది అక్కా. హాస్పిటల్ వాళ్ళు ఇప్పుడే చెప్పారు" అంది. ఆదివారం చర్చి నుంచి రాగానే ఆయాసంగా ఉందంటే మేమే తీసుకెళ్ళి చేర్చాం. సోమవారం సాయంత్రం చూడటానికి వెళ్ళేసరికి, పక్క మంచం ఆవిడకి దిండు సరిగ్గా పెట్టలేదని అక్కడి నర్సుని మందలిస్తున్నారు. అంత నిక్షేపంగా మాట్లాడిన మనిషి తెల్లారేసరికి ఉండరని ఎవరనుకుంటారు? స్కూలుకి టైమైందని మా వాడు చెయ్యి పట్టుకుని లాగేదాకా నేను ఆ డబ్బా మూత పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆవిడ మాకు చుట్టం కాదు. మాది రాజమండ్రి, ఆవిడది గుంటూరు దగ్గర పల్లె. మేం శనివారం దేవుడికి దీపం పెడితే ఆవిడ ఆదివారం బైబిలు పట్టుకుని చర్చికి వెళ్ళేవారు. అంకుల్ ఎప్పుడో పోయారు. పెద్దవాళ్ళని ఉంచే హాస్పిటల్లో డ్యూటీ, కూతురి పెళ్ళయిపోయింది, ఇంట్లో ఒక్కరే. ఈ దేశం వచ్చి న్యూ లిన్‌లో మేం ఇల్లు కొనుక్కుని దిగిన రోజు, సామాను ట్రక్కు ఇంకా వాకిట్లో ఉండగానే స్టీలు గిన్నెలో పప్పుచారు తెచ్చి, "గిన్నె ఖాళీగా తిరిగివ్వకు అమ్మాయ్, మనకది అలవాటు లేదు" అన్నారు. ఆ రోజు నుంచి నేను ఆవిడకి అమ్మాయ్‌నే. నా పేరు ఆవిడకి తెలుసో లేదో కూడా నాకు అనుమానమే.

ఎవరింటికి వెళ్ళినా ముందు చేతులు కడుక్కుని తర్వాతే కూర్చునేవారు. పిల్లవాడి నుదురు ముట్టుకున్నాకే పెద్దవాళ్ళని పలకరించేవారు. నేను చేసే కాఫీ ఆవిడకి నచ్చేది కాదు. నచ్చలేదని మొహం మీదే చెప్పి, రెండో కప్పు కూడా తాగేవారు.

ఇక మా ఇల్లు. రెండంతస్తులు, క్రీము రంగు ప్లాస్టరు గోడలు, చూరు బయటికి రాకుండా నున్నగా దిగిన అంచులు. కొన్నప్పుడు చూసుకుని మురిసిపోయాం. సరిగ్గా అలాంటి ఇళ్ళే నీళ్ళు తాగుతున్నాయనీ, ప్లాస్టరు వెనక చెక్క ఫ్రేము కుళ్ళిపోతోందనీ ఇక్కడి పేపర్లు రాస్తున్న రోజులవి. మనది కాదులే అనుకున్నాం. ఆ పేపర్లకెక్కిన వాళ్ళందరూ కూడా అలాగే అనుకుని ఉంటారు.

మా వాడికప్పుడు నాలుగేళ్ళు. చలికాలం వస్తే చాలు, పిల్లికూతలు. ఇన్‌హేలర్ పంపు ఇచ్చి, వేడినీళ్ళ ఆవిరి పట్టి, గుండె చిక్కబట్టుకుని కూర్చునేదాన్ని. ఒక మధ్యాహ్నం వాడిని చూడటానికి వచ్చిన ఆంటీ గుమ్మంలోనే ఆగి గాలి పీల్చి, "ఈ గదిలో తడి ఉందమ్మాయ్" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. వారానికి రెండుసార్లు ఫినాయిల్ పెట్టి తుడిచే ఇల్లు నాది. ఆవిడ నా మొహం పట్టించుకోలేదు. మంచం పక్కకి లాగమని, గోడ మీద అరచెయ్యి ఆనించి, ఒంగుని కింద కార్పెట్ పక్కనుండే చెక్కపట్టీని వేలితో నొక్కారు. మగ్గిన అరటిపండులో దిగినట్టు వేలు లోపలికి దిగిపోయింది.

చూశావా అని ఒక్క మాటనలేదు. మంచం మీద కూర్చుని వాడిని ఒళ్ళోకి లాక్కుని వీపు నిమురుతూ, "వీడు పీల్చేది ఈ గాలేనా ఇన్నాళ్ళూ" అన్నారు. అంతే.

ఇల్లు పరీక్ష చెయ్యడానికి పిలిపించినతను బయటి గోడల తొడుగు మొత్తం పీకాలన్నాడు. కుళ్ళిన చెక్క మార్చి, కొత్త తొడుగు వెయ్యాలి. మాకున్నదంతా ఆ ఇంట్లోనే పెట్టాం. తప్పుడు మనిషి చేతిలో పడితే ఇల్లూ పోతుంది, పిల్లవాడి ఊపిరీ కుదుటపడదు. ఈ దేశం వచ్చాక నేను కూర్చుని ఏడ్చింది ఆ రోజే.

మా ఆయన మొహమాటానికి పుట్టిన మనిషి. ఆయనకి దొరికిన మొదటి కాంట్రాక్టరు మనవాడే, తెలుగువాడు. ఉగాది ఫంక్షన్లో పరిచయమయ్యాడు. వచ్చీ రాగానే నన్ను అక్కా అన్నాడు. గోంగూర పచ్చడి రెండోసారి వడ్డించుకున్నాడు. మా వాడికి చాక్లెట్లు తెచ్చాడు. గోడలన్నీ పీకక్కర్లేదు అక్కా, చెడిన చోట అతికించి పైన మంచి పెయింటు కొడితే సరిపోతుంది, సోమవారమే మొదలెడతానన్నాడు. మాకు ప్రాణం లేచొచ్చింది. ఇదివరకు ఎవరింటికి చేశావని అడుగుదామని నోటిదాకా వచ్చింది గానీ, అక్కా అని పిలిచి మన చేతి అన్నం తిన్నవాణ్ణి ఎలా అడుగుతాం? నమ్మడం లేదనుకోడూ? ఇది మన తెలుగువాళ్ళకే అర్థమయ్యే రోగం. మా ఆయన అయితే ఆదివారం మంచిదని చెప్పి అడ్వాన్సు ఇవ్వడానికి ముహూర్తం కూడా చూసేశారు.

ఆ ఆదివారం ఆంటీ చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చారు. చేతులు కడుక్కుని, అడ్వాన్సు కోసం వచ్చిన అతనికి ఎదురుగా కూర్చున్నారు. ఏ ఊరు, ఎవరబ్బాయివి అన్నీ ఆప్యాయంగానే అడిగారు. అడిగి, అదే గొంతుతో, "నువ్వు చేసిన ఇళ్ళల్లో ఏది చెడింది నాయనా?" అన్నారు.

నాకు నేల చీలితే లోపలికి పోదామనిపించింది. మా ఆయన వంటింట్లోకి వెళ్ళిపోయారు. అతను నవ్వి, ఇంతవరకు ఒక్క కంప్లైంటూ లేదు ఆంటీ అన్నాడు. అయితే రెండు చలికాలాలు దాటిన ఇల్లు ఒక్కటి చూపించమన్నారు ఆంటీ. వాళ్ళనీ వీళ్ళనీ ఇబ్బంది పెట్టడం బాగోదన్నాడు. అయితే మేం కూడా నిన్ను ఇబ్బంది పెట్టంలే అని ఆవిడ లేచారు. తర్వాత అతను నన్ను అక్కా అనలేదు. మరుసటి ఉగాదికి ఎదురుపడితే మొహం తిప్పుకున్నాడు. అతను మంచి పనివాడో కాదో నాకిప్పటికీ తెలీదు. మనవాళ్ళలో మాట పోయిందని మా ఆయన వారం రోజులు గొణిగారు. ఆంటీ విని, "ఒక్క మాట అడిగితే తెగిపోయే చుట్టరికం ఉంటే ఎంత, పోతే ఎంత?" అని కొట్టిపారేశారు.

రెండో అతను మెరిసే వ్యాన్లో వచ్చి మూడు ఇళ్ళు చూపించాడు. మూడూ ముత్యాల్లా ఉన్నాయి. ఇవన్నీ ఈ ఎండల్లో కట్టినవి, ఇంకా వాన మొహమే చూడలేదు అన్నారు ఆంటీ కారెక్కుతూ.

మూడో అతను ఒక కివీ బిల్డరు, ఇక్కడివాడే. మాట పొదుపు. ఆవిడ తన ఇంగ్లీషులో అదే ప్రశ్న వేస్తే, తల గోక్కుని కాసేపు ఆలోచించాడు. టిటిరంగి కొండ మీద ఒక ఇంట్లో కిటికీ కారిందనీ, మొదట చేసినప్పుడు తనదే పొరపాటనీ చెప్పి, వాళ్ళ అడ్రసు ఇచ్చాడు. కావాలంటే వెళ్ళి అడగండి అన్నాడు. నేను ఠక్కున ఇతను వద్దు అనుకున్నాను. ఆంటీ మాత్రం ఎప్పుడెళ్దాం అన్నారు. శనివారం ఎండగా ఉంటుందట, హాయిగా వెళ్ళొద్దామన్నాను.

"ఎండలో అందరి గోడలూ బాగానే ఉంటాయి అమ్మాయ్. వాన పడే రోజునే వెళ్ళాలి" అన్నారు.

కుండపోతలో బయల్దేరాం. ఉత్త చేతులతో వెళ్ళకూడదని ఐస్‌క్రీమ్ డబ్బా నిండా చేగోడీలు వేసుకొచ్చారు. తలుపు తీసిన కివీ ముసలావిడ, చేగోడీలు ఇచ్చి బట్టల బీరువా చూపించమని అడుగుతున్న ఈ ఇద్దరాడవాళ్ళని చూసి ఏమనుకుందో గానీ లోపలికి రానిచ్చింది. ఆంటీ చేతులు కడుక్కుని, అనుమతి అడిగి, ఆ ఇంటి కోట్ల మధ్యలో తల దూర్చి తడి వాసనేమైనా ఉందేమో చూశారు. సిగ్గుతో నా ప్రాణం సగం పోయింది. ముసలావిడ చేగోడీ కొరుకుతూ కిటికీ సంగతంతా చెప్పింది. కారుతోందని ఫోన్ చేసిన రోజే ఆ వానలోనే వచ్చాడట. ఎవరి తప్పని వాదించలేదట. కిటికీ చుట్టూ మొత్తం విప్పి మళ్ళీ చేశాడట. ఇప్పుడు గోడ పొడిగా ఉంది, మేమే ముట్టుకుని చూశాం.

తిరిగి వస్తుంటే నేను డ్రైవ్ చేస్తున్నాను. అద్దాల మీద నీళ్ళు. ఆంటీ అన్నారు: "తప్పు జరగని వార్డు నేనింతవరకు చూడలేదు. చెప్పుకునే వార్డుంటుంది, దాచుకునే వార్డుంటుంది. నా కూతుర్ని ఎందులో చేరుస్తానో తెలుసుగా."

ఆ బిల్డరు ఎండాకాలం దాకా ఖాళీ లేదన్నాడు. ఆ చలికాలమంతా పిల్లవాడి పరుపు హాల్లోకి లాగి, ఎదురుచూస్తూ గడిపాం. ఎన్నిసార్లు మనసు పీకిందో, ఎవరో ఒకరిని పెట్టేసుకుందామని. కంచె దగ్గరికొచ్చి "ఆగు" అని ఒక్క మాట అని పోయేవారు ఆవిడ. ఇక్కడ ఎండలు మొదలయ్యే డిసెంబరులో ఇంటికి తెల్లటి ప్లాస్టిక్ చుట్టి పని మొదలుపెట్టాడు. డ్యూటీ దిగి వస్తూ యూనిఫామ్‌తోనే ఆంటీ ఇంటి చుట్టూ ఒక రౌండు వేసేవారు. పీకిన చెక్క చూపించు, పెట్టేది చూపించు అని అడిగేవారు. ఆ బిల్డరు ఆవిడకి మేట్రన్ అని పేరు పెట్టి, నిచ్చెన దిగి వచ్చి మరీ చూపించేవాడు. ఆవిడ అల్లం టీ రెండు గుక్కల్లో తాగేసేవాడు. మొన్న ఫ్యునరల్‌కి ఇస్త్రీ చొక్కాలో వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు.

కొత్త గోడలొచ్చాక మొదటి పెద్ద వానకి ఆంటీ గొడుగేసుకుని వచ్చి మా వాడి గది గుమ్మంలో నిలబడి గాలి పీల్చారు. సబ్బు వాసనొస్తోంది, అంతే అన్నారు. మంచం గోడకి ఆనించి వెయ్యమన్నారు. ఆ ఏడు మా వాడికి పిల్లికూతలు రాలేదు. ఆవిడకి థాంక్స్ చెప్పబోతే, నీ కాఫీ పొడి మార్చు చాలన్నారు.

ఇప్పుడు వానపడితే ఇల్లు బొట్టు కారదు. నాకే తోచదు. పొద్దున్నే కంచె వైపు చూస్తాను, అమ్మాయ్ అని పిలుపు వస్తుందేమోనని. ఈ దేశంలో నన్ను అలా పిలిచేవాళ్ళు ఇంకెవరూ లేరు. నన్ను తిట్టేవాళ్ళు లేరు. కాఫీ పొడి మార్చాను, బాగుంది, బాగుందని చెప్పడానికి ఆ మనిషి లేరు. ఎంత బెంగగా ఉందో ఎవరికి చెప్పను?

పోయిన శనివారం జల్లు పడుతుంటే ఒక చిన్నజంట వచ్చింది. టకానిని నుంచి, మనవాళ్ళే. వాళ్ళ ఇంటికీ అదే జబ్బట. మా బిల్డరే మా అడ్రసిచ్చి పంపాడట. భర్త ఏవేవో అడుగుతున్నాడు గానీ, ఏడాది పిల్లని ఎత్తుకున్న ఆ అమ్మాయి మొహమాటంతో నవ్వుతూ నిలబడింది. అడగదని నాకు తెలుసు. నేనే చెప్పేశాను, మొదటి ఏడు బట్టలుతికే గది కిటికీ దగ్గర కొంచెం చెమ్మ వచ్చిందనీ, ఫోన్ చేస్తే మర్నాడే వచ్చి సరిచేశాడనీ. బీరువా తలుపు తీసి వాసన చూసుకోమన్నాను. అప్పుడు ఆ అమ్మాయి నోరు విప్పింది. ఈ మనిషిని మీకెవరు చెప్పారని అడిగింది. పక్కింటావిడ, ఆవిడే వెతికి పట్టుకున్నారన్నాను.

"ఆవిడతో ఒకసారి మాట్లాడొచ్చా ఆంటీ?" అంది.

నన్ను ఆంటీ అన్నందుకు మామూలుగా అయితే మొహం మాడ్చుకునేదాన్ని. కంచె వైపు తిరిగాను. సాయంత్రం ఐదవుతోంది, చలికాలం కదా, బయట అప్పుడే చీకటి పడుతోంది. ఇల్లు అమ్ముడుపోయేదాకా ఖాళీగా ఉన్నట్టు దొంగలకి తెలియకూడదని, ఆంటీ కూతురు వెళ్ళేముందు వంటింటి దీపానికి టైమర్ పెట్టి వెళ్ళింది. కంచె అవతల ఆ దీపం దానంతటదే వెలిగింది.

"అదిగో, ఇంట్లోనే ఉన్నారుగా" అంది ఆ అమ్మాయి సంతోషంగా, పిల్లని చంకలో సర్దుకుంటూ.

వెంటనే నిజం చెప్పబుద్ధి కాలేదు. నేనూ ఆ అమ్మాయి పక్కనే కిటికీ దగ్గర నిలబడి, వానలో ఆ వెలుతురు వైపు చూస్తూ ఉండిపోయాను.