లెక్క తప్పిన మావయ్య

మా మావయ్యతో దారిలో ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడితే లెక్క తప్పుతుంది. లెక్క తప్పితే ఆయన గిరుక్కున తిరిగి టెలిఫోన్ ఎక్స్ఛేంజికి వెళ్ళి, మళ్ళీ ఒకటో అడుగు నుంచి మొదలుపెడతారు.

ఆయన లైన్‌మన్. ఫోనులో మాటా, ఇంట్లో ఇంటర్నెట్టూ ఒకే జత రాగి తీగల మీద వస్తాయి. "మాట మొండిదే అమ్మాయ్! తీగ తడిసినా గరగరలాడుతూ వచ్చేస్తుంది. నెట్ మహా సుకుమారం, కాస్త చెమ్మ తగిలితే చతికిలబడుతుంది" అనేవారు. ఆ చెమ్మ ఎంత దూరంలో ఉందో ఎక్స్ఛేంజిలోని యంత్రం చెబుతుంది. ఆ దూరం ఏ స్తంభం దగ్గర పడుతుందో మాత్రం మావయ్య కాళ్ళే చెప్పాలి. టేపు సాగుతుందట, ఆయన అడుగు సాగదట.

ఒకసారి మంగలి పలకరించాడు. "ఏం అన్నా, కులాసానా?"

"పాడు చేశావు కదయ్యా! మూడు వందల పన్నెండు దాకా వచ్చాను!"

అప్పటినుంచి మంగలి కనుబొమలతోనే పలకరించేవాడు. వీధంతా నేర్చుకుంది, ఒక్క దర్జీ తాత తప్ప. కాలు విరిగాక కిటికీ పక్క కుర్చీకే అతుక్కుపోయిన ఆయన, మావయ్య కనిపిస్తే చాలు, కేకేసేవారు. మావయ్య నెత్తి కొట్టుకుని, ఎలాగూ తప్పింది కదా అని ఓ పావుగంట అక్కడే కూర్చునేవారు.

ఏడాది ఖాళీగా ఉన్నాక నాకో ఇంటర్వ్యూ వచ్చింది. పదకొండింటికి, వీడియోలో. సరిగ్గా ఆ ఉదయమే మా నెట్ చతికిలబడింది. ఇస్త్రీ బట్టల్లోనే ఎక్స్ఛేంజికి పరిగెత్తాను. మావయ్య యంత్రంలో దూరం చూసుకుని, లెక్కపెడుతూ బయలుదేరారు. నేను ముందు నడుస్తూ, ఎదురైన ప్రతివాళ్ళకీ మూతిమీద వేలు చూపించాను. మంగలి నోటికి దువ్వెన అడ్డం పెట్టుకున్నాడు.

"నాలుగు వేల అరవై..."

"వచ్చావా నాయనా!" కిటికీలోంచి దర్జీ తాత.

టైము పదీ ముప్పై అయిదు. నాకు ఏడుపొచ్చేసింది. కానీ మావయ్య వెనక్కి తిరగలేదు. తాతకి చెయ్యూపి, తిన్నగా పక్క స్తంభం దగ్గరకెళ్ళి పెట్టె తెరిచారు. నీళ్ళు దిగి పచ్చబడిన జాయింటు కోసేసి, కొత్తది కలిపారు.

"లెక్క తప్పలేదా?"

"పన్నెండేళ్ళుగా నడుస్తున్న దారే, ఎలా తప్పుతుంది?"

"మరి రోజూ..."

మావయ్య సిగ్గుపడ్డారు. "ఊరికే వెళ్ళి కూర్చుంటే, జాలిపడి వచ్చానని పెద్దాయన అనుకుంటారే. లెక్క తప్పించానన్న సరదా ఆయనకి. ఇంక పరిగెత్తు!"

పరిగెత్తాను. ఇంటర్వ్యూ అయ్యేదాకా బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు. ఉద్యోగం వచ్చింది!

మర్నాడు ఆ సంగతి చెప్పడానికి వెళుతుంటే, మావయ్య ఎదురుగా లెక్కపెట్టుకుంటూ వస్తున్నారు. దర్జీ తాత కిటికీలో కునుకు తీస్తున్నారు. నేను గట్టిగా అరిచాను.

"మావయ్యా, టైమెంత?"

"పాడు చేశావు కదే!" అన్నారాయన, తాత ఉలిక్కిపడి లేచేంత గట్టిగా, అప్పటికే కిటికీ వైపు నడుస్తూ.