ఇంటి పెద్ద

రైలు మారడానికి పలాస స్టేషన్లో కూర్చుని నాన్నతో గొడవపడి ఫోన్ కట్ చేసేశాను. చెప్పకుండా రైలెక్కానని తిట్టాడు. ఇరవయ్యేళ్లొచ్చినా మా ఇంట్లో నన్నెవరూ ఏదీ అడగరు, చెప్తారంతే.

ఎదురు బెంచీ మీద ఓ ముసలమ్మ, పదకొండేళ్ల మనవరాలు ఉన్నారు. ముసలమ్మ కేరేజీ విప్పి ముందు ఆ పిల్లకి పెట్టింది. పిల్ల ఓ ముద్ద తిన్నాకే తను ముట్టుకుంది. ఏ రైలెక్కాలో, ఎక్కడ దిగాలో కూడా ఆ పిల్లనే అడుగుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"పిల్లకి అంత మర్యాదేంటి మామ్మా?" అని అడిగేశాను.

"ముందు ఇంటి పెద్దే తినాల కదమ్మా. ఈల్ల నాన్న మిలట్రీ. బోడర్ కాడ కాల్పుల్లో పోనాడు. తల్లి అంతకు ముందే పోనాది. ఇప్పుడు మా ఇంటికి ఇదే పెద్ద."

అది విన్నాక కూడా నా కుళ్లు తగ్గలేదు. ఆ పిల్ల మొహంలో బెదురు లేదు, అల్లరీ లేదు. అంత నిబ్బరం నాకెందుకు రాలేదా అనిపించింది.

ఫోన్ మళ్లీ మోగింది. కట్ చెయ్యబోతుంటే పిల్ల ముందుకి వంగింది.

"మీ నాన్నేనా అక్కా? ఇందాకటి అరుపులు ఇక్కడిదాకా ఇనిపించినాయి. ఎత్తక్కా, ఇంకాసేపు ఇంటాను."

ఎత్తాను. నాన్న ఆపిన చోటి నుంచే మొదలెట్టాడు. ఫోన్ కాస్త ఆ పిల్ల వైపు జరిపాను. చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది, నా వంకే చూస్తూ వింటోంది.

నన్ను చూసి ఒకరు కుళ్లుకోవడం నాకదే మొదటిసారి.