గొర్రెపిల్ల కథకు కొత్త ముగింపు

పిల్లల కథలు రాసే మా టీచరమ్మ ఏ కథనైనా ముందు మా చర్చి పిల్లలకు చదివి వినిపించాకే పత్రికకు పంపేది. చివరి పేజీ దగ్గర ఆగి, కాగితం మీద అరచెయ్యి అడ్డుపెట్టి, "ఇగ ఏమైతది, చెప్పున్రి" అనేది. మేం చెప్పింది బాగుంటే తన ముగింపు కొట్టేసేది.

తొంభైల మొదట్లో, పోలియో కాలుతో నేను బడికి పోలేకపోతే, సాతంరాయి నుంచి శంషాబాద్‌లోని మా ఇంటికి వచ్చి చదువు చెప్పింది. ఆమెను తలచుకోకుండా నా ప్రార్థన ఇప్పటికీ ముగియదు.

ఒకరోజు మా ఇంట్లో నాకు కుంటి గొర్రెపిల్ల కథ చదివింది. అది ప్రార్థన చేయగానే కాలు బాగై, మందతో పరుగెత్తుతుంది. నేను గోడవైపు తిరిగాను.

"ఏంది బిడ్డా, నచ్చలేదా?"

"నేను గూడ రోజూ ప్రార్థన చేస్తున్న గద టీచరమ్మా. నా కాలెందుకు బాగైతలేదు? నాకు సక్కగ చేసుడు రాదా?"

 ఆమె కలం తీసి ఆఖరి పేరా అంతా కొట్టేసింది.

"నీ ప్రార్థనల తప్పు లేదు బిడ్డా. నా కథలనే ఉన్నది. ఏం రాయాల్నో నువ్వు చెప్పు."

"అది కుంటుకుంటనే పోతది. మందనే ఆగుతది."

ఆ ఆదివారం చర్చిలో పిల్లలందరికీ అట్లాగే చదివింది. ఆరాధన అయ్యాక ఎప్పటిలాగే అందరూ గేటు దాకా ఉరికారు. కానీ అక్కడ ఆగి, నా వైపు తిరిగి నిలబడ్డారు.

"ఆగినం గని, జర జల్దీ రా అక్కా!" అని ఒక చిన్నపిల్ల అరిచింది. "ఆకలైతున్నది!"