మళ్ళీ కడిగిన కంచాలు

మా వీధిలో ఏ ఇంట్లో శుభకార్యం జరిగినా, అది ఎంత ఘనంగా జరిగిందో మర్నాడు కాలువ చూస్తే తెలిసిపోయేది. ప్లాస్టిక్ గ్లాసులు నీళ్ళ మీద తేలేవి, ప్లేట్లను ఆవులు నమిలేవి, అవి వదిలేసినవాటిని ఎవరో ఒకరు తగలబెట్టేవారు. బంగారు గనుల వెనక సైనైడ్ కలిసిన మట్టి దిబ్బల నుంచి లేచే దుమ్ము చాలదన్నట్టు ఈ పొగ ఒకటి.

అందుకని మేం కొందరు ఆడవాళ్ళం కలిసి పాత్రల బ్యాంకు పెట్టాం. ఎవరి అటక మీద చూసినా పెళ్ళిళ్ళలో చదివించిన స్టీలు కంచాలు పేర్లు చెక్కించుకుని మూలుగుతూనే ఉంటాయి కదా, వాటినే పోగుచేశాం. ఎవరింట్లో కార్యమైనా వచ్చి తీసుకుపోవచ్చు. అద్దె లేదు, కడిగి తెచ్చి ఇస్తే చాలు. సామానంతా మా పెరటి గదిలో ఉంటుంది కాబట్టి పెత్తనం నాది. అసలు ఆలోచన మాత్రం నాది కాదు, నా స్నేహితురాలిది.

ఆమె నాకంటే చిన్నది. రోజూ మారికుప్పం రైలెక్కి బెంగళూరు ఆఫీసుకు పోయి వస్తుంది. నేనూ అప్పుడప్పుడు అదే రైలెక్కేదాన్ని, అందులోనే మాకు స్నేహం కలిసింది. మా వీధి గుమాస్తాలు, టీచర్లు కాపురముండే వీధి, వాళ్ళ ఇల్లు గని కూలీలకు కట్టిన లైన్లలో. వాళ్ళ తాత గనిలోకి దిగినవాడు, మా తాత పైన కూర్చుని హాజరు వేసినవాడు. మా పెద్దవాళ్ళు గడప బయటే నిలబెట్టి మాట్లాడిన కులం వాళ్ళది. మా ఇద్దరి మధ్య ఆ మాట ఒక్కసారి కూడా రాలేదు. రాకపోవడం నా గొప్పతనమే అనుకున్నాను.

శ్రీరంగ నీతులు చెప్పడంలో నన్ను మించినవాళ్ళు మా తాలూకాలో లేరు. క్యాసంబళ్ళిలో ఆడవాళ్ళను కూర్చోబెట్టి, "ఈ కంచం మీది కాదు, మాది కాదు, అందరిదీ" అని మైకులో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆమె ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా కొట్టింది.

పోయిన నెల వాళ్ళ చెల్లెలికి శ్రీమంతం. కంచాలు కావాలని వచ్చింది. పాత చీరల్లో మూటలు కట్టి, ఆటోలో నేనే పెట్టించాను. "నువ్వు రావాలక్కా, భోజనం మా ఇంట్లోనే" అంది. వస్తానన్నాను. తీరా ఆ రోజు ముళబాగిలులో మా పిన్నమ్మను చూడాలన్న పని ఒకటి పుట్టించుకున్నాను. చెప్పింది అబద్ధం కాకూడదు కదా, బస్సెక్కి నిజంగానే పోయి వచ్చాను. పాపం పిన్నమ్మ, ఉన్నట్టుండి ఎందుకొచ్చానో తెలియక సాయంత్రం దాకా మర్యాదలు చేసింది.

మర్నాడు మూటలు తిరిగి వచ్చాయి. ఆ వారాంతంలో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం, భోజనాలకు ఆ కంచాలే. అత్తమ్మ పెరటి గది వైపు చూసి, "ఆ ప్లేట్లు యాడికి పోయొచ్చినాయి?" అని అడిగింది. చెప్పాను. విని, మళ్ళీ పూలు కట్టుకుంటూ కూర్చుంది. తర్వాత నేను చేసినదంతా అత్తమ్మ మీదికి తోసేయాలని ఎంతో ప్రయత్నించాను కానీ, తోసేంత మాట ఆ మహాతల్లి ఒక్కటీ అనలేదు. ఒప్పనిది నా మనసే.

మర్నాడు పొద్దున్నే మూటలు విప్పి కంచాలన్నీ పెరట్లో పరిచాను. చింతపండు వేసి తోమాను, పసుపు నీళ్ళతో కడిగాను. ఎన్నో ఇళ్ళు తిరిగి వచ్చిన కంచాలవి. ఇంకెవరింటి నుంచి వచ్చినప్పుడూ నేను ఒక్కటి కూడా మళ్ళీ కడగలేదు.

సగం తోముతుండగా పెరటి తలుపు తీసుకుని ఆమె లోపలికి వచ్చింది. నేను శ్రీమంతానికి రాలేదని తాంబూలం నాకోసం తెచ్చింది. సంచిలో కొబ్బరికాయ, అరటిపండ్లు, రవికగుడ్డ ఉన్నాయి. వండినది ఏదీ లేదు.

"ఏంటికక్కా మళ్ళా తోముతా ఉండావు?"

"దుమ్ము పడిందమ్మా" అన్నాను. నా చేతులు మోచేతుల దాకా పసుపుగా ఉన్నాయి. దుమ్ముకు పసుపు ఎవరు వాడతారు? తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఆమె ఆ పరిచిన కంచాలను కాసేపు చూసింది. తర్వాత నా పక్కన గట్టు మీద కూర్చుంది.

"మేము వాటిని వాడనే లేదక్కా. నువ్వు కట్టిన ముడి కూడా విప్పలేదు. మా అమ్మ వద్దనింది. మనము తింటే ఇంగ ఆ వీధిలో ఎవురూ వాటిని ముట్టరు, మీ బ్యాంకు మూసుకుపోతాది అనింది. విస్తర్లు తెప్పించుకున్న్యాము."

"మరి తీసుకుపోయింది ఎందుకు?" అన్నాను.

"తీసుకుపోకుంటే నువ్వు బాధపడతావని."

తల కొట్టేసినట్టయింది. తప్పయింది అనాలి. దానికి బదులు, "కాఫీ పెడతాను, తాగి పో" అని లేచాను. తనకు తొందర లేదంది.

కాఫీ కలిపి గూటి ముందు నిలబడ్డాను. అక్కడ మా లోటాలు వరసగా ఉన్నాయి. రోజూ తాగేవి, చుట్టాలకు తీసేవి, అత్తమ్మ వెండిది. ఏదో ఒకటి తీసి పోయడానికి ఎంతసేపు పడుతుంది? నా చెయ్యి మాత్రం ఒకదాని మీదికి పోయి, వెనక్కి వచ్చి, ఇంకోదాని మీదికి పోయింది. ఏది ఇస్తే తర్వాత ఇబ్బంది ఉండదా అని వెతుకుతున్నాను. అంత జరిగాక కూడా వెతుకుతున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా చెయ్యి ఆగలేదు.

ఆలస్యమైనట్టుంది. పెరట్లోంచి ఆమె గొంతు వినపడింది. అందులో ఎత్తిపొడుపు కొంచెం కూడా లేదు, నాకు సాయం చేస్తున్నట్టే ఉంది.

"అక్కా, పేపర్ కప్పుంటే దాంట్లోనే ఇయ్యి. నేనేమీ అనుకోను."