పాన్ మరక కాదన్న విజయక్క

నిన్న పొద్దున ఫోన్ ఎత్తితే అవతల విజయక్క కూతురు.
"మామా, అమ్మ పోయింది."
తర్వాత నేనేం మాట్లాడానో గుర్తు లేదు. ఇప్పటికీ నమ్మబుద్ధి కావట్లేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. తొంభైల్లో అక్క చిక్కడపల్లిలో మా ఇంటి మేడమీద కిరాయికి ఉండేది. నారాయణగూడలో ఒక ఆస్పత్రిలో, ఊపిరితిత్తుల్లోకి ట్యూబ్ వేసి చూసే బ్రాంకోస్కోపీ రూమ్‌లో నర్సు.

అప్పటికి రెండేళ్ల ముందు నాన్నకి కిడ్నీ క్యాన్సర్ ఆపరేషన్ అయింది. పీడ విరగడైంది అనుకున్నాం.

ఉన్నట్టుండి ఆయన పాన్ నమలడం మొదలుపెట్టాడు. జన్మలో వక్క ముట్టని మనిషి. "ముసలోడికి దసరా పండుగ" అని అమ్మ ఏడిపించేది. మేమూ నవ్వేవాళ్లం.

ఒకరోజు అక్క నల్లా నీళ్ల కోసం కిందికొచ్చింది. నాన్న వాష్‌బేసిన్ దగ్గర దగ్గుతున్నాడు. బేసిన్‌లో ఎర్రటి మరక అక్క కంటబడింది.

"బాబాయ్, ఇది పాన్ కాదు. ఎన్ని దినాల సంది నెత్తురు పడ్తున్నది?"

ఆయన తల దించుకున్నాడు. "పిల్లలకు చెప్పకు బిడ్డా. నెత్తురు అడ్డం పడి ఊపిరాడక పోతనేమో అని భయమైతుంది."

అక్క మాకు చెప్పేసింది. మర్నాడు ఆటోలో తనే తీసుకెళ్లింది. క్యాన్సర్ ఊపిరి గొట్టంలోకి పాకిందన్నారు. ట్యూబ్ వేస్తే ఏమీ కనబడనంత రక్తమట. చల్లదనానికి రక్తం ఆగుతుందని, అక్క ఐస్‌లో పెట్టిన సెలైన్ సిరంజిలు అందిస్తూనే ఉందట. డాక్టర్ పోయడం, పీల్చేయడం, మళ్లీ పోయడం. చివరికి ఆగింది.

నా సంతోషం ఇంతా అంతా కాదు. అక్క పక్కకు పిలిచింది.

"నెత్తురు ఆగింది తమ్ముడూ. రోగం ఆగలే. మళ్లా పడితే కుడివైపుకే పండబెట్టు, పుండు అటే ఉంది. ఎడమ ఊపిరితిత్తన్నా మంచిగుంటది."

శుభమా అని ఇంటికి పోతుంటే అవేం మాటలని అరిచా. మాట్లాడటం మానేశా. అప్పటి నా బుద్ధి అంత.

నెల తర్వాత మళ్లీ రక్తం. ఇంట్లో నేనొక్కణ్నే. ఏం చేయాలో తోచక, ఆమె చెప్పినట్టే కుడివైపు తిప్పి పడుకోబెట్టా. ఆస్పత్రి చేరేదాకా నాన్న ఊపిరి నిలబడింది. అక్కడ మళ్లీ అక్కే, అదే ఐస్ సెలైన్.

ఇంకో నెలన్నర ఉన్నాడు. ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయాడు.

తర్వాత అక్క అశోక్ నగర్ మారింది. సారీ చెబుదామని ఎన్నిసార్లు వెళ్లానో. చాయ్ ఇచ్చి "పిల్లలు ఎట్లున్నరు" అని అడిగేది. నేను మాట మింగేసి వచ్చేవాణ్ని.

ఇప్పుడు రాస్తున్నా. చదవడానికి నువ్వు లేవు.

నాన్న భయపడ్డట్టు పోలేదక్కా. అది నీ చలవే.

నన్ను క్షమించు. ఎందరి ఊపిరో కాచావు, ఇక నిశ్చింతగా నిద్రపో.