ఇత్తడి తోమే పొడి

ఏళ్లుగా మోస్తున్నాను. ఇక మోయలేక మీ దగ్గర దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను.

విశాఖలో సముద్రం అడుగు చూపించడానికి జనాన్ని తీసుకెళ్లే చిన్న దుకాణం ఒకటుంది. నీళ్లలో గాలి పీల్చుకోవడానికి వాళ్లు వాడే పరికరాలు శుభ్రం చెయ్యడం నా పని. పెళ్లికి ముందు అక్కడే నేర్చుకున్నాను. పెళ్లయి చోడవరం వచ్చాక వాటిని సంచీలో పెట్టి బస్సుకి పంపేవారు. ఇత్తడి భాగాలు విప్పి అల్ట్రాసోనిక్ తొట్టెలో వేస్తే, నీళ్లు సన్నగా వణికి సందుల్లోని ఉప్పునీ చిలుమునీ వదిలిస్తాయి. ఆ నీళ్లలో ఏం కలపాలన్నదే అసలు సంగతి. కాస్త వెనిగర్, రెండు చుక్కలు గిన్నెలు కడిగే లిక్విడ్. అంతే. గరుకైనదేదీ పడకూడదని నేర్పినాయన చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

ఆ రోజు చిలుము వదల్లేదు. మధ్యాహ్నం బస్సుకి పంపాలి. పెరట్లో మా అత్తగారు పొడి వేసి ఇత్తడి బిందె తోముతున్నారు, తళతళలాడుతోంది. అదీ ఇత్తడే, ఇదీ ఇత్తడే కదా! ఆ పొడి ఒక చెంచా తొట్టెలో వేశాను. నా తెలివి తగలెయ్య. ముక్కలు బంగారంలా వచ్చాయి, మురిసిపోయాను. తర్వాత మంచినీళ్లతో కడిగాను. సరిగ్గా కడిగానా? కడిగాననే ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. లేదు. గడియారం చూసుకుంటూ కడిగాను.

ఆ పరికరంతో దిగింది నూకరాజు. ఆ దుకాణంలో గైడు, నన్ను సొంత అక్కలా అప్పా అని పిలిచేవాడు. లోతులో వాల్వు మూసుకోక గాలంతా బుసబుసా పోయింది. గాభరాగా ఒక్కసారిగా పైకొచ్చేశాడు. ప్రాణం దక్కింది గానీ ఆ వేగానికి ఎడమ చెవి పోయింది. మళ్లీ నీళ్లలో దిగొద్దన్నారు డాక్టర్లు. పరికరం విప్పితే లోపల సన్నని రేణువులు. ఒడ్డున ఇసుకలో పడేసుంటావని తిట్టి, యజమాని వాణ్ణి పనిలోంచి పంపేశాడు.

ఆసుపత్రికి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను, నమ్మండి. వాడే ముందు నోరు తెరిచాడు.

"నానే ఇసకలో ఎట్టేసుంటానప్పా. నువ్వెంత బాగా మెరిపించి అంపేవో, పాపం."

"జాగర్త ఉండొద్దేట్రా మరి?" అన్నాను.

ఆ మాట నా నోట ఎలా వచ్చింది? భయమా? పని పోతుందనా, పేరు పోతుందనా? చెంచాడు పొడి తెలియక చేసిందే అనుకుందాం. ఈ మాట తెలిసే అన్నాను.

ఇప్పుడు వాడు కె.కోటపాడు రోడ్డులో ఆటో తోలుతున్నాడు. వెనక హారన్ కొడితే ఎటునుంచో పోల్చుకోలేడు. మొన్న ఆ ఆటోలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఎడమ వైపు కూర్చుని, ముందుకి వంగి, అంతా చెప్పేశాను. అది ఇసుక కాదురా, నేను వేసిన పొడి అని. వాడు తల తిప్పాడు.

"ఏటప్పా? ఎక్కడాపమంతన్నావు?"

"ఇక్కడే," అని దిగిపోయాను.

ఏ చెవి వినపడదో తెలిసే అటు కూర్చున్నాను. ఇదీ చెప్పేశాను మీకు. గుండె కాస్త తేలికపడింది. అలా తేలికపడే హక్కు నాకుందని మాత్రం మీరు అనకండి.